వెనక వీధి బంతి

మా ఊళ్లో నాకొక మంచిపేరు ఉంది. అదే నాకు బరువు. చెడ్డపేరు మోయడం కష్టమని అందరూ అంటారు గాని, మంచిపేరు కూడా భుజాలు నొప్పి పుట్టేంత బరువుంటుందని నాకీమధ్యే తెలిసింది. దాని కింద ఇంకొక పాత బరువుంది. అది ఇరవై ఏళ్లు దాటింది. మా ఆవిడకి కూడా మొన్నటిదాకా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి కొంచెం సులువుగా ఉంది.

ఒక మాట ముందే చెప్పాలి. నేను కుమిలిపోతున్న మనిషిని కాను. కొట్టు బాగా నడుస్తోంది. రాత్రి పడుకుంటే నిద్ర పడుతుంది. ఇంటిదగ్గర నవ్వుతూనే ఉంటాను. నన్ను ఆలోచనలో పడేసేది అదే. అలాంటి పని చేసినవాడికి ఇన్నేళ్లూ అన్నం ఎలా సయించింది? సయించింది. అబద్ధం రాయలేను.

మాది అనకాపల్లిలో షామియానాలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే కొట్టు. నాన్నగారు పెట్టారు. ఆయనకి ఒంట్లో బాగోక నేను ఏడో తరగతితో బడి మానేసి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. గిన్నెలు నేర్పాయి. పెళ్లినుంచి తిరిగొచ్చిన గుండిగ, అంటే అన్నం వండే పెద్ద పాత్ర, అడుగు చూస్తే చాలు, అక్కడ ఏం జరిగిందో నాకు తెలిసిపోయేది. అడుగున అన్నం మందంగా అట్టకట్టి ఉంటే వంట మిగిలింది. పల్చగా ఉంటే సరిపోయింది. చారు గిన్నె ఖాళీ అయి పప్పు గిన్నె నిండుగా వస్తే పప్పులో ఉప్పెక్కువైంది. ఇలా చూసి చూసి, ఎంతమందికి ఎంత బియ్యం, ఎండాకాలమైతే మజ్జిగ ఎంత, పగటి భోజనానికీ రాత్రి భోజనానికీ తేడా ఎంత, అన్నీ నాకు నేనే తేల్చుకున్నాను. కశింకోట వైపు రైతులు పెళ్లి కుదిరితే గిన్నెలతోపాటు లెక్క కూడా నన్నే అడిగేవారు. గిన్నెలకి అద్దె తీసుకునేవాణ్ణి. లెక్క ఊరికే చెప్పేవాణ్ణి. ఆ ఊరికే చెప్పడంలోనే నా గొప్పంతా ఉండేది.

ఇంక సన్యాసి సంగతి. పేరు మార్చాను. మా ఊరివాళ్లకి ఎలాగూ తెలిసిపోతుంది, తెలియనివ్వండి. సన్యాసి కశింకోటలో పేరున్న వంటవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నన్ను బావా అని పిలిచేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. అతను హిందువు, నేను ముస్లిం, మా వైపు ఆ పిలుపుకి అది అడ్డు కాదు. చెయ్యి మంచిది, నోరు మాత్రం చురుకు. ఒకసారి నా లెక్క ప్రకారం వండిన పెళ్లిలో వానపడి జనం రాలేదు. వంట మిగిలిపోయింది. ఆ మర్నాడు బెల్లం మార్కెట్టు ఎదుట టీకొట్టు దగ్గర సన్యాసి పదిమందిలో అన్నాడు.

"మా బావ లెక్కంటే లెక్కేనర్రా. ఊళ్లో కుక్కల్ని కూడా మరిసిపోడు. నిన్న ఒక్కో కుక్కకి రెండేసి ఇస్తర్లు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీ గ్లాసు పెట్టేసి వచ్చేశాను. వాన నా లెక్కలో లేదు కదా అని దారంతా అనుకున్నాను. ఆ నవ్వు మాత్రం నాతోపాటే కొట్లోకి వచ్చి కూర్చుంది. ఎంత చిన్న మాట అది. రాస్తుంటే సిగ్గుగా ఉంది. తప్పుకి తగినంత పెద్ద కారణం ఉంటే బాగుండునని మనిషి ఆశపడతాడు. నాకు అది కూడా లేదు.

కొన్నాళ్లకి కశింకోట అవతల ఒక ఊళ్లో నూకరాజుగారింట్లో పెళ్లి వచ్చింది. చెరకూ వరీ పండించే కుటుంబం. ఆడపెళ్లివారు. వంట సన్యాసిదే. గిన్నెలు మాట్లాడడానికి వచ్చినప్పుడు సన్యాసి నా భుజమ్మీద చెయ్యివేసి అన్నాడు.

"ఈసారి లెక్క నేనే ఏసుకుంతాను బావా. నువ్వు గిన్నెలు పంపు సాలు."

నాకు చురుక్కుమంది. సరేనన్నాను.

ఇక్కడ పిలుపుల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మా పక్క పల్లెల్లో భోజనాలకి పిలిచేటప్పుడు రెండు రకాలు. ఒకటి ఇంటికొకరు. మర్యాదకి పిలిచామన్నట్టు. ఇంకొకటి ఇంటిల్లిపాదీ. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగకూడదని అర్థం. వంటవాడికి ఎన్ని గడపలో చెబితే చాలదు, ఏ వీధికి ఏ పిలుపో చెప్పాలి. ఒక పిలుపు ఇంకొక పిలుపైతే ముప్పై మంది వందమందవుతారు.

నూకరాజుగారికీ వెనక వీధివాళ్లకీ చేలోకి వచ్చే కాలవ నీళ్ల దగ్గర గొడవ. చాలా ఏళ్లు ఒకరి శుభానికి ఒకరు వెళ్లలేదు. పెళ్లి కదా అని ఈసారి పెద్దలు చెప్పగా ఆయన ఆ వీధికి ఇంటికొకరు లెక్కన పిలుపు పంపడానికి ఒప్పుకున్నారు. సన్యాసికి ఆ మాటే చెప్పారు. సన్యాసి ఆ మాటకే బియ్యం లెక్కకట్టాడు.

పెళ్లికి ముందురోజు సాయంత్రం గిన్నెలు ఆటోలో వేసుకుని వెళ్లాను. దారి వెనక వీధిగుండానే. అక్కడ నూకరాజుగారి అక్క కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆటో వెళ్లడానికి చోటులేక ఆపుకుని కూర్చున్నాను. ఒక ముసలామె గుమ్మంలో నిలబడి బొట్టు పెట్టించుకోకుండా మొహం తిప్పుకుంది. అప్పుడు ఆ అక్క ఆమె గడ్డం పట్టుకుని అన్న మాట నేను చెవులారా విన్నాను.

"ఒకర్నే పంపుదువా ఏటి? అదేటి పిలుపే. పిల్లా మేకా అందరూ రావాల. రేపు ఈ వీధిలో ఏ పొయ్యీ ఎలగకూడదు. జరిగిందేదో జరిగింది, ఒగ్గెయ్యండి."

ముసలామె ఏడ్చింది. బొట్టు పెట్టించుకుంది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత ఆ అక్క పక్క గడప ఎక్కింది. మళ్లీ అదే మాట. తమ్ముడితో చెప్పకుండా, ఆవిడ మనసుకి తోచి, ఆ వీధి మొత్తానికి పొయ్యి ఆర్పమని చెప్పేస్తోంది.

నేను ఆటోలో కూర్చునే లెక్కేశాను. అది నా చేతిలో లేదు, ఎవరైనా నిద్రలో కూడా ఊపిరి పీల్చినట్టు నాకు లెక్క నడుస్తూనే ఉంటుంది. తీసుకున్న గిన్నెల్ని బట్టి సన్యాసి పోయబోయే బియ్యం నాకు తెలుసు. ఒక బంతి మొత్తానికి, అంటే ఒక వరసలో కూర్చున్న వాళ్లందరికీ, అన్నం తక్కువ. ఎప్పుడూ వేసే ఎగస్ట్రా కూడా కలిపి చూశాను. అయినా తక్కువే.

పెళ్లింటి వెనక పొయ్యిలు తవ్వి ఉన్నాయి. సన్యాసి వంకాయలు తరిగే ఆడవాళ్లని నవ్విస్తున్నాడు. నేను గిన్నెలు దింపించి ఊరికే నిలబడ్డాను. సన్యాసి నావైపు చూశాడు.

"ఏటి బావా, గాల్లో ఏదో లెక్కేత్తన్నావు?"

"ఏటీ లేదు బావా."

"ఇంకో గుండిగ ఆటోలో ఉండిపోనాదేటి? దించమంటావా?"

"అది వేరే ఊరిది."

వేరే ఊరిది కాదు. ఎందుకైనా మంచిదని నేనే తెచ్చింది. దాన్ని మళ్లీ కొట్టుకి తీసుకెళ్లిపోయాను.

నా తప్పు ఇదే. తప్పుడు లెక్క చెప్పలేదు. సరైన లెక్క నోట్లో పెట్టుకుని, అడిగిన మనిషికి చెప్పకుండా ఇంటికొచ్చేశాను.

ఎందుకు? ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు ఒకటుంది. వాళ్లంతట వాళ్లకి తెలిసిపోతుందిలే అనుకున్నానని. అది నిజం కాదు. నేను ఫోను కోసం ఎదురుచూశాను. పెళ్లిరోజు పొద్దుటినుంచీ కొట్లో ల్యాండ్‌లైన్ పక్కనే కూర్చున్నాను. సన్యాసి కంగారుపడి ఫోను చేస్తాడు, బావా ఎంత పొయ్యమంటావో చెప్పమంటాడు, నేను గుండిగ వేసుకుని వెళ్లి అతని పరువు నిలబెడతాను. ఎవరూ పస్తుండాలని నేను కోరుకోలేదు. నాకు కావలసింది ఆ ఒక్క ఫోను. ఒక మనిషి నన్ను బతిమాలాలని ఒక వీధి భోజనాన్ని పణంగా పెట్టాను. అలా చేస్తున్నానని అప్పుడు తెలుసా? తెలుసనే అనుకుంటున్నాను. తెలియకపోతే ఫోను దగ్గర ఎందుకు కూర్చుంటాను?

ఫోను రాలేదు. వెనక వీధివాళ్లు ఆఖరి బంతిలో కూర్చున్నారు. సన్యాసి ఇంటి వెనక పొయ్యిల దగ్గరే ఉన్నాడు, ఏ వీధినుంచి ఎంతమంది వచ్చారో చూడలేదు. అన్నం చాలదని అతనికి తెలిసేసరికి ఆకులు వేసేశారు, నీళ్లు చల్లేశారు, ఉప్పూ ఊరగాయా వడ్డించేశారు. మళ్లీ పొయ్యి మీద ఎసరు పెట్టారట. అన్నం ఉడికేదాకా చంటిపిల్లలతో ఆకుల ముందు ఎవరు కూర్చుంటారు? ముందు ఆ ముసలామె లేచింది. ఆవిడ వెనకాల వీధి వీధంతా లేచింది. కావాలనే పిలిచి అవమానించారని అనుకుంటూ వెళ్లిపోయారు. పొయ్యిలు ఆర్పుకుని వచ్చిన వాళ్లు.

సాయంత్రం గిన్నెల కోసం వెళ్లాను. ఉప్పూ ఊరగాయా మాత్రమే ఉన్న ఆకులు బారుగా అలాగే ఉన్నాయి. గుండిగలు చూశాను. అడుగున మాడు కూడా గీకేసి ఉంది, గరిటె గీతలు కనబడుతున్నాయి. అన్ని గిన్నెలు చూసిన నేను అలాంటి అడుగు ఎప్పుడూ చూడలేదు. సన్యాసి పొయ్యి పక్కన గోనెపట్టా మీద కూర్చున్నాడు. జోకులు లేవు.

"మాటల్లో పడి కుంచాలు కొలవడం మరిసిపోయేను బావా. ఎన్ని పోసేనో, ఎక్కడ తప్పేనో తెలత్తాలేదు."

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "అవుతుంటాయిలే బావా" అన్నాను.

తరవాత జరిగింది ఇంకా అన్యాయం. వెనక వీధికి ఇంటిల్లిపాదీ పిలుపు వెళ్లిందని నూకరాజుగారికి తెలిసే ఉంటుంది. కాని తన అక్క పిలిచి తను పెట్టలేకపోయాడంటే పరువు తక్కువ. వంటవాడి మీద పెడితే పోయేదేముంది? బియ్యం సరిపడా ఇచ్చాను, ఏమయ్యాయో మరి, అన్నారాయన. ఆ మరి అన్న ముక్క చాలు. సన్యాసి రాత్రికి రాత్రి బియ్యం ఇంటికి తోలించేశాడని నెల తిరగకుండా కశింకోటంతా అనుకుంది. నేను కాదనలేదు. కాదంటే ఎలా తెలుసని అడుగుతారు. తెలిసీ ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

సన్యాసిని వంటకి పిలవడం మానేశారు. అచ్యుతాపురంలో ఒక కంపెనీ క్యాంటీన్లో చేరాడు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్లేవాడు. అక్కడ బియ్యం వేరేవాళ్లు తూచి ఇస్తారు, అతను కలియబెట్టడమే. నా దగ్గరకేమో జనం పెరిగారు. సాయిబుగారి లెక్క తప్పదు అని పేరొచ్చింది.

కొన్నేళ్లు పోయాక ఒక ఆదివారం సన్యాసి మా కొట్టుకొచ్చాడు. జుట్టు తెల్లబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"టీకొట్టు కాడ నిన్ను నలుగుర్లో నవ్వులపాలు సేసేను బావా. ఆ పాపమే నాకు తగిలింది. దేవుడు నా లెక్కే తప్పించేడు. మనసులో ఎట్టుకోకు."

నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ గిన్నెల రోజుకంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇది. నేను అతన్ని క్షమించాను. లేచి కావలించుకున్నాను. "ఎప్పుడో మర్చిపోయాను బావా, నువ్వూ మర్చిపో" అన్నాను. టీ తెప్పించాను, ఇద్దరం తాగాం. అది నటన అనుకుంటే పొరపాటు. నాకు నిజంగా హాయిగా అనిపించింది. క్షమించడం ఎంత తియ్యగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నేను అడగాల్సింది అతను అడిగాడు, అతను ఇవ్వాల్సింది నేను ఇచ్చాను, ఇచ్చినందుకు సంతోషించాను కూడా.

ఈ ఏడాది మా వీధి లైబ్రరీలో ఒక రిటైరైన మాస్టారు చిన్న సమావేశం పెట్టారు. క్షమించడం గురించి ఎవరి జీవితంలో జరిగిన నిజమైన సంగతి వాళ్లు చెప్పాలి. అవన్నీ తరవాత ఒక పుస్తకంగా వేస్తారట. కుర్చీలు మా కొట్టువే. నేను వెనక వరసలో కూర్చున్నాను, అయ్యాక కుర్చీలు లెక్కపెట్టుకుని వెళ్లిపోదామని. ఎవరెవరో చెప్పారు. ఆఖర్న సన్యాసి లేచాడు. అతను వచ్చినట్టే నేను చూడలేదు.

టీకొట్టు ఎగతాళి చెప్పాడు. పెళ్లి చెప్పాడు. ఆ రోజునుంచి ఇంట్లో రెండు గ్లాసుల బియ్యం కొలవడానికి కూడా తన చెయ్యి మీద తనకి నమ్మకం లేదని, భార్యే పోస్తుందని చెప్పాడు. తరవాత నావైపు చెయ్యి చూపించాడు.

"నన్ను దొంగన్నోళ్లున్నారు. ఈ మనిషి ఒక్క మాట అన్లేదు. నేను ఎటకారం సేసిన మనిషే నన్ను కావలించుకున్నాడు. మావోళ్లు కూడా అంత సెయ్యలేదు."

చప్పట్లు కొట్టారు. నన్ను లేవమన్నారు. లేచాను. మాస్టారు వచ్చి, ఈ కథ మీ వైపునుంచి మీరు రాసివ్వండి, పుస్తకంలో మొదట వేద్దాం అన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకి మొత్తం చెప్పాను. "అయితే ఆ గుండిగ వెనక్కి తెచ్చేసినందుకు చప్పట్లు కొట్టేరన్నమాట" అంది ఆవిడ.

తరవాతి ఆదివారం కశింకోట వెళ్లాను. సన్యాసి వీధరుగు మీద కూర్చుని పేపరు చూస్తున్నాడు. కూకో బావా అన్నాడు. కూర్చోకుండానే చెప్పాను. బొట్టు పెట్టడం విన్నాను, లెక్కేశాను, నువ్వడిగావు, నేను చెప్పలేదు. గుండిగ నీకోసం తెచ్చిందే. ఫోను దగ్గర కూర్చున్న సంగతి కూడా చెప్పాను. అది చెప్పకపోయినా అతనికి తెలియదు. కాని సగం చెబితే మళ్లీ అదే పనవుతుంది.

సన్యాసి పేపరు మడతపెట్టాడు. చాలాసేపు మడతపెడుతూనే ఉన్నాడు.

"అయితే నేను కుంచాలు మరిసిపోలేదు."

"లేదు బావా."

"నాకు సెప్పిన జనానికి నేను సరిగ్గానే పోసేను."

"సరిగ్గానే పోసేవు."

లోపల్నుంచి అతని భార్య వచ్చింది. నన్ను చూసి నవ్వి, "అన్నయ్యగారు తింటారు కదా, బియ్యం ఎంత పొయ్యమంటావు?" అని మొగుణ్ణడిగింది.

సన్యాసి నా మొహం చూడలేదు. "మనిద్దరికే" అన్నాడు. తరవాత, "నువ్వుండు, నేను పోత్తాను" అన్నాడు.

ఆవిడ ఆశ్చర్యంగా లోపలికెళ్లింది. భోజనం వేళ ఇంటికొచ్చిన మనిషిని తినమనకుండా పంపడం సన్యాసి చేసే పని కాదు. చేశాడు. చెయ్యాల్సిందే. నేను క్షమించమని అడగలేదు. నోటిదాకా వచ్చింది గాని ఆపుకున్నాను. నేను ఒకసారి అతన్ని క్షమించి ఉన్నాను, ఇంక ఆ మాట నా నోట్లోకి తెచ్చుకునే మొహం నాకు లేదు.

లేవబోతూ సన్యాసి ఒక్కటి అన్నాడు. "ఆవేళ అంతమందిలో నీ గొప్ప సెప్పేను. ఇప్పుడది అబద్ధమైపోనాది. నా నోటితో నేను తిరగ్గొట్టుకోలేను. నువ్వే సెప్పు."

స్కూటరు మీద తిరిగి వస్తుంటే విచిత్రంగా ఆకలేసింది. చిన్నప్పుడు బడినుంచి వచ్చినప్పుడు వేసేలాంటి ఆకలి. ఒక మనిషి నన్ను వద్దనుకున్న రోజు అది, అయినా ఒళ్లు తేలిగ్గా ఉంది. దీన్ని ఏమనాలో తెలియదు. సిగ్గు లేకపోవడమా? కాదనుకుంటాను. ఇద్దరి దగ్గర తప్పుగా ఉన్న ఒక లెక్క ఒకరి దగ్గరైనా సరయింది. అతని వాటా అతనికి చేరింది. నా వాటా ఇంకా నా దగ్గరే ఉంది, ఉండనీ.

మాస్టారు అడిగింది క్షమించిన కథ. ఇది ఆ కథ కాదు. పుస్తకంలో మొదట వేసినా, ఆఖర్న వేసినా, ఎక్కడో ఒకచోట వెయ్యమని అడుగుతాను. వెనక వీధిలో ఆ ముసలామె ఇప్పుడు లేదు. ఆవిడ మనవలున్నారు. వాళ్లూ ఇది చదవాలి. కావాలని మిమ్మల్ని ఎవరూ అవమానించలేదు, ఆ అక్క మనస్ఫూర్తిగానే పిలిచింది. చూసినవాణ్ణి నేను.

సన్యాసి బియ్యం ఇంటికి తీసుకెళ్లలేదు. కొలత మర్చిపోలేదు. ఆ రోజు అన్నం తక్కువవుతుందని ముందే తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, తెలిసీ చెప్పలేదు.